రూపకల్పన నుంచి రోగి దాకా: నియంత్రిత పరిశ్రమల్లో డిజైన్, అభివృద్ధి, తయారీల ఏకత్వం

(స్మారకోపన్యాస పాఠం)

1. విషయ పరిధి

కొన్న వస్తువు మంచిదో కాదో వాడి తెలుసుకునే అవకాశం ఉన్నంతవరకు బజారే దానికి పరీక్షాస్థలమవుతుంది. నాణ్యత లేని వస్తువును ఎవరూ రెండోసారి కొనరు. అయితే గుండెలో అమర్చే కవాటం, నరంలోకి ఎక్కించే మందు, విమానపు రెక్కను పట్టి ఉంచే బోల్టు, అణు రియాక్టరులోని ఇంధన కడ్డీ వంటివాటిని వాడి చూసి తెలుసుకోవడమంటే ప్రాణాన్ని పణంగా పెట్టడమే. వాడేవారికి వస్తువు లోపల ఏముందో తెలిసే మార్గం లేని చోట, వారి తరఫున రాజ్యం జోక్యం చేసుకొని, తయారీదారు తన వస్తువు సురక్షితమని ముందుగా రుజువు చేసిన తరువాతనే అమ్మాలని చట్టం చేస్తుంది. అటువంటి చట్టానికి లోబడి పనిచేసే పరిశ్రమలను నియంత్రిత పరిశ్రమలు అంటారు. మందులు, వైద్య పరికరాలు, విమానయానం, అణుశక్తి వీటిలో ముఖ్యమైనవి.

ఈ పరిశ్రమల్లో ఇంజనీరింగ్ డిజైన్, దాని అభివృద్ధి, కర్మాగారంలో తయారీ అనే మూడు పనులు ఏ విధంగా ఒకటిగా నడవాలి, నడవనప్పుడు ఏమి జరుగుతుంది అనేది ఈ ఉపన్యాస విషయం. హృదయ శస్త్రవైద్యుడు డాక్టర్ మార్తాండవర్మ శంకరన్ వలియత్తాన్ (1934–2024) స్మృతికి ఈ విషయం తగినది. ఎందుకంటే వైద్యుడు, లోహశాస్త్రవేత్త, యంత్రకారుడు, కర్మాగార నిర్వాహకుడు ఒకే పనిలో భాగస్వాములు కాగలరని ఈ దేశంలో చేసి చూపినవారిలో ఆయన అగ్రగణ్యులు. ఆయన నాయకత్వంలో తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ వైద్యశాస్త్ర సాంకేతిక సంస్థలో రూపొందిన కృత్రిమ హృదయ కవాటం ఈ చర్చకు ప్రధాన ఉదాహరణగా నిలుస్తుంది. 1980లలో విఫలమైన ఒక అమెరికా కవాటం దానికి ఎదురుగా నిలిచే ఉదాహరణ.

ఈ ఉపన్యాసం ప్రతిపాదించే సిద్ధాంతం ఒక్కటే. నియంత్రిత పరిశ్రమలో డిజైన్, అభివృద్ధి, తయారీల ఏకీకరణ అంటే మూడు విభాగాలను ఒకే అధికారి కింద చేర్చడమో, ఒకే కంప్యూటర్ వ్యవస్థలో కలపడమో కాదు. ప్రతి నిర్ణయంతోపాటు ఆ నిర్ణయానికి కారణం కూడా, గీసే బల్ల నుంచి యంత్రం దాకా, యంత్రం నుంచి రోగి దాకా, రోగి నుంచి మళ్లీ గీసే బల్ల దాకా తెగకుండా ప్రయాణించడం.

2. మూడు పనులు, వాటి మధ్య సరిహద్దులు

డిజైన్ అంటే అవసరాన్ని కొలతలుగా, పదార్థాలుగా, ఆకృతిగా మార్చడం. అభివృద్ధి అంటే ఆ ఆకృతిని నమూనాలుగా చేసి, పరీక్షించి, విఫలమైన చోట దిద్ది, పనిచేస్తుందని నమ్మకం కుదిరే దాకా తీసుకురావడం. తయారీ అంటే ఆ నమూనాను వందల, వేల, లక్షల సార్లు, వేర్వేరు చేతుల మీదుగా, వేర్వేరు రోజుల్లో, ఒకే లక్షణాలతో మళ్లీ మళ్లీ చేయడం. పుస్తకాలలో ఇవి ఒకదాని తరువాత ఒకటిగా కనిపిస్తాయి. సంస్థల్లో కూడా వీటికి వేర్వేరు విభాగాలు, వేర్వేరు బడ్జెట్లు, చాలాచోట్ల వేర్వేరు ఊళ్లు ఉంటాయి. డిజైనర్ తన బొమ్మను పూర్తిచేసి అప్పగిస్తే అభివృద్ధి విభాగం అందుకుంటుంది, అది తన నివేదికను అప్పగిస్తే కర్మాగారం అందుకుంటుంది, చివర నియంత్రణ వ్యవహారాల విభాగం దరఖాస్తు నింపుతుంది.

ఈ వరుసక్రమంలో చేతులు మారేది బొమ్మ మాత్రమే. ఒక మూలను గుండ్రంగా ఎందుకు తీర్చారు, ఒక కొలతకు ఇచ్చిన వెసులుబాటు ఎందుకు అంత తక్కువ, ఒక లోహాన్ని కాదని మరొకదాన్ని ఎందుకు ఎంచుకున్నారు అనే కారణాలు బొమ్మలో ఉండవు. గీసినవారి జ్ఞాపకంలో ఉంటాయి. వారు మరొక పనికి మారగానే కారణం పోతుంది, కొలత మిగులుతుంది. కారణం తెలియని కొలతను కర్మాగారం గౌరవించడం కష్టం. అది ఖర్చు పెంచుతున్నప్పుడు, పని ఆలస్యం చేస్తున్నప్పుడు, సడలించాలనే కోరిక సహజంగా పుడుతుంది. పోచంపల్లి ఇక్కత్ చీరలో బొమ్మ మగ్గం మీద పుట్టదు, నూలుకు ముడులు వేసి రంగు అద్దే నాడే నిర్ణయమవుతుంది. ముడి వేసిన చోటు ఎందుకు అక్కడ ఉందో నేసేవారికి తెలియకపోతే అంచు అంచుకు కలవదు. నియంత్రిత వస్తువుల విషయంలో కూడా డిజైన్ తయారీకి ముందు దశ మాత్రమే కాదు, తయారీ జరుగుతున్నంతసేపూ ఆ పోగుల్లో ఉండవలసినది.

3. చిత్రా కవాటం: మూడు వైఫల్యాలు, నాలుగో నమూనా

భారతదేశంలో గుండె కవాటాలు చెడిపోవడానికి ప్రధాన కారణం చిన్నతనంలో వచ్చే రుమాటిక్ జ్వరం. గొంతు నొప్పితో మొదలయ్యే ఈ జబ్బు కవాటాల రెక్కలను మచ్చలు కట్టించి, కొన్నేళ్లలో అవి సరిగా మూసుకోకుండానో తెరుచుకోకుండానో చేస్తుంది. కాబట్టి ఇక్కడ కవాటం మార్చవలసిన రోగులలో యువకులు ఎక్కువ, పేదవారు ఎక్కువ. అమర్చిన కవాటం వారిలో దశాబ్దాల పాటు పనిచేయవలసి ఉంటుంది. దిగుమతి చేసుకున్న కవాటాల ధర వారికి అందుబాటులో లేని పరిస్థితిలో, 1970ల చివర శ్రీ చిత్ర సంస్థలో దేశీయ కవాటానికి పని మొదలైంది.

ఎంచుకున్న రకం వాలే బిళ్ల కవాటం. ఒక లోహపు ఉంగరం, అందులో స్ట్రట్లు అనే సన్నని లోహపు కొక్కేల మధ్య స్వేచ్ఛగా వాలుతూ లేచే ఒక బిళ్ల, ఉంగరం చుట్టూ గుండె కణజాలానికి కుట్టడానికి అనువైన గుడ్డ పట్టీ దీని భాగాలు. రక్తం ముందుకు పోయేటప్పుడు బిళ్ల తెరుచుకుంటుంది, వెనక్కి రాబోయేటప్పుడు మూసుకుంటుంది. చూడడానికి ఇంత సులువైన వస్తువు ఎదుర్కొనే పరీక్ష అసామాన్యమైనది. నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండె రోజుకు లక్షకు పైగా, ఏడాదికి సుమారు 3 కోట్ల 80 లక్షల సార్లు కొట్టుకుంటుంది. హృదయ కవాటాలకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 5840 యాంత్రిక కవాటం ప్రయోగశాల యంత్రంలో 40 కోట్ల సార్లు తెరుచుకొని మూసుకోవాలని, అంటే పదేళ్ల ఆయుష్షును ముందుగానే గడిపి చూపాలని కోరడానికి కారణం ఇదే.

శ్రీ చిత్ర బృందం చేసిన మొదటి నమూనాలో వెల్డింగ్ అతుకు దగ్గర లోహం పెళుసుబారి విరిగింది. వెల్డింగ్ వేడికి అతుకు చుట్టూ లోహపు అంతర్నిర్మాణం మారిపోతుంది. బొమ్మలో ఒకే లోహంగా కనిపించినది తయారైన వస్తువులో వేరు వేరు గుణాలున్న పొరలవుతుంది. అంటే అక్కడ విఫలమైనది ఆకృతి కాదు, ఆ ఆకృతిని సాధించడానికి ఎంచుకున్న తయారీ పద్ధతి. రెండో నమూనాలో అతుకు లేకుండా టైటానియం దిమ్మె నుంచే ఉంగరాన్ని, కొక్కేలను ఏకఖండంగా చెక్కారు. ఈసారి అతుకు సమస్య పోయింది కాని, టైటానియం అరుగుదలకు తట్టుకోలేకపోయింది. మూడో నమూనాలో బిళ్లగా వాడిన కృత్రిమ నీలమణి స్ఫటికం జంతువులలో అమర్చి చూసినప్పుడు పగిలింది. నీలమణి దాదాపు అరగని పదార్థం. కాని అరగకపోవడం వేరు, పగలకపోవడం వేరు. ఒక గుణాన్ని వెతుకుతూ ఎంచుకున్న పదార్థం మరొక గుణంలో మోసం చేసింది.

నాలుగో నమూనా ఈ మూడు పాఠాలనూ తనలో కలుపుకుంది. ఉంగరం, కొక్కేలు హేన్స్-25 అనే కోబాల్ట్, క్రోమియం ప్రధానమైన మిశ్రలోహపు దిమ్మె నుంచి అతుకు లేకుండా చెక్కినవి. బిళ్ల అత్యధిక అణుభారం గల పాలిథిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసినది. తుంటి కీలు మార్పిడిలో వాడే పదార్థమే ఇది. మెత్తదనం వల్ల బిళ్ల కొట్టుకునే దెబ్బను తనలో ఇముడ్చుకుంటుంది, లోహాన్ని అరగదీయదు, మూసుకునేటప్పుడు పెద్దగా చప్పుడు చేయదు. కుట్టు పట్టీ పాలిస్టర్‌ది. ఈ కవాటాన్ని 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. ఆ తరువాత పలు ఆసుపత్రులలో పర్యవేక్షణతో కూడిన పరీక్షలు జరిగాయి. టీటీకే సంస్థ తయారీని చేపట్టి, తిరువనంతపురంలోనే కర్మాగారం పెట్టి, టీటీకే చిత్రా పేరుతో కవాటాన్ని దేశమంతటికీ అందించింది. పరిశోధన జరిగిన ఊళ్లోనే తయారీ కూడా సాగడం చిన్న విషయం కాదు. యంత్రం మీద సందేహం వచ్చినప్పుడు కారణం తెలిసినవారు అదే ఊళ్లో ఉంటారు.

ఈ చరిత్రలో మరొక విశేషం ఉంది. 1980లలో ఈ బృందం పరీక్షల మీద పరీక్షలు చేస్తున్న కాలానికి భారతదేశంలో హృదయ కవాటాలను నియంత్రించే ప్రత్యేక నిబంధనలు లేవు; కవాటాలు ఔషధాల చట్టం పరిధిలోకి వచ్చినది 2005లో. తమను అడిగే అధికారి లేని రోజుల్లో కూడా ప్రతి నమూనాను ప్రయోగశాలలో, జంతువులలో, ఆ తరువాతనే మనుషులలో పరీక్షించడం, పగిలిన నమూనాను పక్కన పెట్టి ఏళ్ల శ్రమను వదులుకోవడం వారు తమకు తాము విధించుకున్న నియమం.

4. బ్యోర్క్-షైలీ ఉదంతం

స్వీడన్ శస్త్రవైద్యుడు వికింగ్ బ్యోర్క్, అమెరికా ఇంజనీరు డోనాల్డ్ షైలీ కలిసి 1960ల చివర రూపొందించిన వాలే బిళ్ల కవాటం ప్రపంచమంతటా మంచి పేరు తెచ్చుకుంది. కాలిఫోర్నియాలోని షైలీ కంపెనీ దానిని మెరుగుపరిచే ఉద్దేశంతో బిళ్ల వంపును మార్చి, ఒక పక్క కుంభాకారంగా, మరొక పక్క పుటాకారంగా తీర్చిన కొత్త రకాన్ని 1979లో మార్కెట్లోకి తెచ్చింది. రక్తప్రవాహం సాఫీగా సాగాలని, గడ్డలు కట్టే అవకాశం తగ్గాలని ఈ మార్పు ఉద్దేశం. లోపలి కొక్కెం ఉంగరంలో భాగంగానే ఉండేది. బయటి కొక్కేన్ని రెండు కాళ్ల దగ్గర వెల్డింగ్ చేసి అతికించేవారు.

కొత్త వంపు వల్ల బిళ్ల మూసుకునేటప్పుడు కొన్ని సందర్భాలలో హద్దు మించి తిరిగి, బయటి కొక్కెం కొసను తాకేది. ప్రతి గుండె చప్పుడుకూ పడే ఆ భారం అతుకు దగ్గర లోహాన్ని అలసటకు గురిచేసి, సన్నని పగులును పెంచి, ఒక కాలును, ఆ తరువాత రెండో కాలును విరిచేది. కొక్కెం విరిగితే బిళ్ల ఊడిపోతుంది. చాలామందికి ఆసుపత్రికి చేరే వ్యవధి కూడా ఉండదు. ప్రపంచవ్యాప్తంగా సుమారు 86,000 మందికి అమర్చిన ఈ కవాటాన్ని 1986లో మార్కెట్ నుంచి ఉపసంహరించారు. నమోదైన విరుగుళ్లు ఆరు వందలు దాటాయి, వాటిలో దాదాపు మూడింట రెండు వంతులు ప్రాణాంతకమయ్యాయి. కవాటం మార్చుకోవడానికి మరొక శస్త్రచికిత్స చేయించుకోవాలా, లోపల ఉన్నది విరగదనే ఆశతో బతకాలా అనే ప్రశ్న వేలాది కుటుంబాలను ఏళ్ల తరబడి వెంటాడింది.

ఈ రెండు కథలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది. రెండిటిలోనూ వైరి ఒక్కటే, వెల్డింగ్ అతుకు. తిరువనంతపురంలో అది ప్రయోగశాలలో విరిగింది, కాబట్టి డిజైన్ మారింది. అమెరికా కవాటంలో అది రోగుల గుండెల్లో విరిగింది. ఆ వార్తలు ఒక్కొక్కటిగా వస్తున్నప్పుడు, దోషం వంపులో ఉందా, వెల్డింగ్ పనిలో ఉందా, తనిఖీలో ఉందా అనే ప్రశ్నలు వేర్వేరు విభాగాల్లో వేర్వేరు జవాబుల కోసం తిరిగాయి. తనిఖీ రికార్డుల విశ్వసనీయత మీద కూడా 1990లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ముందు తీవ్రమైన ప్రశ్నలు వచ్చాయి. బిళ్ల వంపును మార్చిన నిర్ణయం అతుకు మీద పడే భారాన్ని మారుస్తుందని తెలిసి ఉండవలసింది. ఆ మార్పును, ఆ అతుకును ఒకే ప్రశ్నగా చూసే చోటు లేకపోవడమే అసలు లోపం. తరువాత వచ్చిన మోనోస్ట్రట్ రకాన్ని అతుకు లేకుండా ఒకే దిమ్మె నుంచి చెక్కడంతో డిజైన్, తయారీలు మళ్లీ ఒక ప్రశ్నగా కలిశాయి.

5. చట్టం నేర్చుకున్న పాఠం

అమెరికాలో వైద్య పరికరాల మీద మొదటి సమగ్ర చట్టం 1976లో, మంచి తయారీ పద్ధతుల నిబంధనలు 1978లో వచ్చాయి. ఆ నిబంధనలు కర్మాగారం గేటు లోపల జరిగే పనిని చూశాయి గాని, ఆ గేటుకు ముందు జరిగిన డిజైన్‌ను పెద్దగా పట్టించుకోలేదు. ఆహార, ఔషధ పరిపాలనా సంస్థ ఎఫ్‌డీఏ 1983 అక్టోబరు నుంచి 1989 సెప్టెంబరు దాకా కంపెనీలు వెనక్కి తీసుకున్న పరికరాలను పరిశీలించినప్పుడు, నాణ్యతా లోపాలలో సుమారు 44 శాతానికి మూలం డిజైన్‌లోనే ఉందని, అవి డిజైన్ దశలోనే ఆపదగినవని తేలింది. అంటే సగానికి దగ్గరగా ఉన్న లోపాలను కర్మాగారం ఎంత శ్రద్ధగా పనిచేసినా ఆపలేదు. అది చేసినది లోపాన్ని నిర్దోషంగా పునరుత్పత్తి చేయడం మాత్రమే. 1990 చివర వచ్చిన సురక్షిత వైద్య పరికరాల చట్టం డిజైన్‌ను కూడా నియంత్రించే అధికారాన్ని ఇచ్చింది. దాని ఆధారంగా 1996 అక్టోబరులో ప్రకటించిన నాణ్యతా వ్యవస్థ నిబంధనలు 1997 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చాయి.

ఈ నిబంధనల హృదయం డిజైన్ నియంత్రణ. దీని ప్రకారం ముందుగా వాడేవారి అవసరాలను రాయాలి. వాటిని కొలవదగిన లక్షణాలుగా మార్చాలి, వీటిని డిజైన్ ఇన్‌పుట్‌లు అంటారు. బొమ్మలు, పదార్థ వివరణలు, పద్ధతులు డిజైన్ అవుట్‌పుట్‌లు. అవుట్‌పుట్ ఇన్‌పుట్‌కు సరిపోయిందా అని పరీక్షించడం వెరిఫికేషన్. తయారైన వస్తువు వాడేవారి అవసరాన్ని నిజంగా తీరుస్తుందా అని పరీక్షించడం వాలిడేషన్. మొదటిది కోరినట్టు చేశామా అనే ప్రశ్న, రెండోది కోరవలసినదే కోరామా అనే ప్రశ్న. నీలమణి బిళ్ల మొదటి ప్రశ్నలో నెగ్గి రెండో ప్రశ్నలో ఓడింది. ఈ దశలన్నిటి చరిత్ర ఒక డిజైన్ చరిత్ర దస్త్రంలో ఉండాలి. తయారీకి అప్పగించే పనిని డిజైన్ బదిలీ అంటారు. బొమ్మలోని ప్రతి కోరికా తయారీ పద్ధతులలో సరిగ్గా వ్యక్తమైందని రుజువు చేయడమే బదిలీ.

ఈ ఆలోచన తరువాత ప్రపంచ ప్రమాణంగా మారింది. వైద్య పరికరాల నాణ్యతా నిర్వహణకు ఐఎస్‌ఓ 13485, ప్రమాదాల నిర్వహణకు ఐఎస్‌ఓ 14971 అనే ప్రమాణాలు ఇప్పుడు చాలా దేశాలకు సామాన్యమైనవి. ఎఫ్‌డీఏ కూడా 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన నిబంధనల ద్వారా తన వ్యవస్థను ఐఎస్‌ఓ 13485తో కలిపింది. అవి 2026 ఫిబ్రవరి 2 నుంచి అమలయ్యేలా నిర్ణయించింది. ప్రమాద నిర్వహణ పద్ధతిలో ఒక ముఖ్యమైన క్రమం ఉంది: ప్రమాదాన్ని ముందు డిజైన్‌తో తొలగించాలి, అది సాధ్యం కాకపోతే రక్షణ ఏర్పాటుతో ఆపాలి, అదీ చాలకపోతేనే హెచ్చరిక రాతను ఆశ్రయించాలి. హెచ్చరిక పట్టీ డిజైన్‌కు బదులు కాదనే ఈ నియమం ఇంజనీరుకు మొదటి పాఠం కావాలి.

6. తయారీలో దాగిన డిజైన్

తయారైన వస్తువును చివర తనిఖీ చేస్తే చాలదా అనే ప్రశ్న తరచుగా వస్తుంది. కొన్ని గుణాలను వస్తువును ధ్వంసం చేయకుండా తెలుసుకోవడం సాధ్యం కాదు. వెల్డింగ్ అతుకు బలం తెలియాలంటే దానిని విరగ్గొట్టాలి. ఇంజెక్షన్ సీసాలోని మందు క్రిమిరహితంగా ఉందో లేదో తెలియాలంటే దానిని తెరవాలి. విరగ్గొట్టినది అమ్మడానికి పనికిరాదు, విరగ్గొట్టనిది నమ్మడానికి ఆధారం లేదు. అందుకే చివరి తనిఖీ ద్వారా పూర్తిగా నిర్ధారించలేని ప్రతి తయారీ ప్రక్రియనూ ముందే రుజువు చేయాలని చట్టం కోరుతుంది. దీన్ని ప్రక్రియ వాలిడేషన్ అంటారు. యంత్రాన్ని సరిగా అమర్చారా, అది నిర్ణీత పరిధుల అంచుల దగ్గర కూడా సరిగా నడుస్తుందా, మామూలు ఉత్పత్తిలో నిలకడగా నడుస్తుందా అనే మూడు మెట్లలో ఈ రుజువు సాగుతుంది. ఆ పరిధులను నిర్ణయించవలసినది డిజైన్‌లోని అవసరమే తప్ప యంత్రం సామర్థ్యం కాదు.

క్రిమిరహితం చేసే పని ఇందుకు మంచి ఉదాహరణ. తుంటి కీలులో వాడే అత్యధిక అణుభారపు పాలిథిలీన్‌ను చాలా ఏళ్లు గాలి నింపిన ప్యాకెట్లలో గామా కిరణాలతో శుద్ధి చేశారు. కిరణాలు ప్లాస్టిక్ అణువుల గొలుసులను తెంచుతాయి. ప్యాకెట్లోని ఆక్సిజన్ ఆ తెగిన కొసలతో కలిసి, గోదాములో ఉన్నంతకాలం లోపలే పదార్థాన్ని పెళుసుబారుస్తుంది. సూక్ష్మజీవులను చంపే చివరి మెట్టు డిజైన్ నమ్ముకున్న పదార్థాన్నే మార్చిందని 1990లలో గుర్తించి, తయారీదారులు ఆక్సిజన్ లేని ప్యాకింగుకు, ఇతర శుద్ధి పద్ధతులకు మారారు. డిజైన్ కోరినది పాలిథిలీన్. రోగికి చేరినది ఆక్సీకరణం చెందిన పాలిథిలీన్.

మందుల రంగంలో ఇదే సత్యం మరో రూపంలో కనిపిస్తుంది. ఎయిడ్స్ చికిత్సలో వాడే రిటోనావిర్ క్యాప్సూళ్లు 1996లో మార్కెట్లోకి వచ్చాయి. 1998లో తయారీలో అంతకుముందు ఎరగని కొత్త స్ఫటిక రూపం ప్రత్యక్షమైంది. అణువు అదే, రసాయన సూత్రం అదే. అణువులు పేర్చుకున్న తీరు మాత్రమే మారింది. ఆ కొత్త రూపం సరిగా కరగకపోవడంతో క్యాప్సూళ్లను ఉపసంహరించి, మందును మరో రూపంలో మళ్లీ తయారు చేయవలసి వచ్చింది. అభివృద్ధి దశలో వెతికి పట్టుకోని స్ఫటిక రూపం కర్మాగారంలో తనంతట తానే పుట్టింది. ఔషధ పరిశ్రమలో నాణ్యతను పరీక్షల ద్వారా చేర్చలేమని, దానిని డిజైన్‌లోనే నిర్మించాలని చెప్పే ఐసీహెచ్ అనే అంతర్జాతీయ సంస్థ క్యూ8 మార్గదర్శకాల ఆలోచన వెనుక ఇటువంటి అనుభవాలున్నాయి. ఎఫ్‌డీఏ 2011 మార్గదర్శకం ప్రక్రియ వాలిడేషన్‌ను ప్రక్రియ డిజైన్, అర్హత నిరూపణ, నిరంతర పరిశీలన అనే మూడు దశలుగా చెప్పి, వస్తువు అమ్ముడవుతున్నంతకాలం రుజువు చేయడం ముగియదని స్పష్టం చేసింది.

7. మార్పు అనే అసలు పరీక్ష

మొదటి ఆమోదం పొందే నాటికి చాలా సంస్థల్లో డిజైనర్లు, కర్మాగారం కలిసే పనిచేస్తారు; గడువు వారిని కలుపుతుంది. ఏకత్వానికి అసలు పరీక్ష ఆ తరువాత వస్తుంది. ముడిసరుకు సరఫరాదారు మారతాడు, కటింగ్ నూనె మారుతుంది, పాత యంత్రం పోయి కొత్తది వస్తుంది, నైపుణ్యమున్న కార్మికుల తరం మారుతుంది. ఒక్కొక్కటిగా చూస్తే ఇవి చిన్నవి. బ్యోర్క్-షైలీ బిళ్ల వంపు మార్పు కూడా చిన్న మెరుగుదలగానే మొదలైంది. అందుకే ప్రతి మార్పుకూ ముందుగా, ఇది ఏ డిజైన్ అవసరాన్ని తాకుతుంది, ఏ ప్రమాదాన్ని పెంచుతుంది, ఏ పరీక్షను మళ్లీ చేయాలి అనే మూడు ప్రశ్నలకు లిఖితపూర్వక సమాధానం ఉండాలి. ఈ పద్ధతిని మార్పు నియంత్రణ అంటారు. డిజైన్ చరిత్రలో కారణాలు రాసి ఉంటే ఈ ప్రశ్నలకు సమాధానం ఒక రోజులో దొరుకుతుంది. రాసి లేకపోతే, సమాధానం చెప్పడానికి పదవీ విరమణ చేసినవారిని వెతకవలసి వస్తుంది, లేదా ఊహించవలసి వస్తుంది.

ఎదురు దిశలో, అంటే కర్మాగారం, ఆసుపత్రుల నుంచి డిజైన్ వైపు, సమాచార ప్రవాహం ఇంకా బలహీనం. యంత్రం దగ్గర పనిచేసే వ్యక్తికి ఒక భాగం బిగింపులో ప్రతిసారీ కష్టమవుతోందని తెలుసు. ఆసుపత్రిలో నర్సుకు ఒక గొట్టం మరొక గొట్టంలా కనిపిస్తోందని తెలుసు. ఈ జ్ఞానం తిరస్కరించిన భాగాల పట్టికలోనో, ఫిర్యాదుల పుస్తకంలోనో ఆగిపోతే డిజైన్‌కు చేరదు. లోపం బయటపడినప్పుడు తక్షణం సరిదిద్దడం ఒక పని, మళ్లీ రాకుండా మూలాన్ని తొలగించడం మరొక పని. ఈ రెండో పనిలో డిజైనర్ కూర్చోకపోతే నివారణ చర్య అనే పేరుతో జరిగేది ఎక్కువగా కార్మికునికి మరోసారి శిక్షణ ఇవ్వడమే. మూలం బొమ్మలో ఉన్నప్పుడు శిక్షణ దానిని తొలగించదు.

రాత పని భారమనే ఫిర్యాదు ఈ పరిశ్రమల్లో నిరంతరం వినిపిస్తుంది. దానిలో కొంత నిజం ఉంది. అయితే భారమయ్యే రాత ఎక్కువగా పని అయిపోయిన తరువాత, అధికారి వస్తున్నాడని, వెనక్కి వెళ్లి రాసేది. నిర్ణయం జరిగిన రోజే, నిర్ణయించినవారి చేత్తో, మూడు వాక్యాలలో రాసిన కారణం ఎవరికీ భారం కాదు, పదేళ్ల తరువాత అది ప్రాణాలను కాపాడగలదు. వస్తువు జీవితచక్రాన్ని మొత్తంగా నిర్వహించే సాఫ్ట్‌వేర్లు అవసరాన్ని, కొలతను, పరీక్షను, తయారైన ప్రతి బ్యాచ్‌ను ఒకే దారంలో కూర్చడానికి బాగా ఉపయోగపడతాయి. కాని రాయని కారణాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు.

8. భారతదేశం, తెలుగు నేల

భారతదేశంలో వైద్య పరికరాల నిబంధనలను 2017 జనవరిలో ప్రకటించి, 2018 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చారు. పరికరాలను ప్రమాద తీవ్రతను బట్టి ఎ, బి, సి, డి అనే నాలుగు తరగతులుగా విభజించే ఈ నిబంధనల ఐదో షెడ్యూలు, తయారీదారు పాటించవలసిన నాణ్యతా వ్యవస్థను, అందులో భాగంగా డిజైన్ నియంత్రణను చెబుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అన్ని వైద్య పరికరాలూ ఔషధాల చట్టం పరిధిలోకి వచ్చాయి. తక్కువ ప్రమాదమున్న ఎ, బి తరగతుల్లో చాలావాటికి 2022 అక్టోబరు నుంచి, సి, డి తరగతులకు 2023 అక్టోబరు నుంచి లైసెన్సు తప్పనిసరి అయింది. శ్రీ చిత్ర బృందం తనంతట తాను పాటించిన నియమం ఇప్పుడు దేశంలోని ప్రతి తయారీదారుకూ చట్టమైంది.

ఈ మార్పు తెలుగు రాష్ట్రాలకు ప్రత్యక్షంగా సంబంధించినది. హైదరాబాదు చుట్టుపక్కల, విశాఖపట్నం సమీపంలోని పరవాడలో, శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలో ఉన్న ఔషధ కర్మాగారాలు అమెరికా, ఐరోపా దేశాల తనిఖీలను దశాబ్దాలుగా ఎదుర్కొంటున్నాయి; ప్రయోగశాలలో లీటరు గాజు పాత్రలో సాగిన చర్యను వేల లీటర్ల రియాక్టరులో నిలకడగా సాగించే విద్య ఇక్కడి రసాయన ఇంజనీర్లకు బాగా తెలుసు. హైదరాబాదులో రక్షణ పరిశోధనా సంస్థల లోహశాస్త్ర జ్ఞానం, డాక్టర్ బి. సోమరాజు వంటి హృద్రోగ వైద్యుల అనుభవం కలిసి, డాక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం చొరవతో కలాం-రాజు స్టెంట్ రూపొందడం ఈ ప్రాంతంలో వైద్యం, ఇంజనీరింగ్ చేయి కలపగలవని చూపింది. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఏర్పడింది. విశాఖపట్నంలో సుమారు 270 ఎకరాలలో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్, ఒక్కొక్క చిన్న సంస్థ సొంతంగా కట్టుకోలేని విద్యుదయస్కాంత పరీక్షాశాల, జీవానుకూలతా పరీక్షాశాల, గామా శుద్ధి కేంద్రం వంటి సౌకర్యాలను ఒకే ప్రాంగణంలో అందుబాటులోకి తెచ్చింది. 2018 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్య పరికరాల ప్రపంచ సదస్సు అదే నగరంలో జరిగింది.

ఒకే ప్రాంగణం అవకాశం ఇస్తుంది, ఏకత్వాన్ని ఇవ్వదు. డిజైనర్, పరీక్షాశాల, అచ్చులు చేసే వర్క్‌షాపు, శుద్ధి కేంద్రం నడక దూరంలో ఉన్నప్పుడు, గామా కిరణాలు ప్లాస్టిక్‌ను ఏమి చేస్తాయో శుద్ధి కేంద్రంలో తెలిసినవారు డిజైన్ సమీక్షలో కూర్చోవడం సాధ్యమవుతుంది. ఆ సమీక్షకు వారిని పిలవడం మాత్రం అలవాటుగా పెంచవలసినది. ఇక్కడి ఇంజనీరింగ్ కళాశాలల్లో డిజైన్ ఒక పేపరు, ఉత్పత్తి సాంకేతికత మరొక పేపరు, నాణ్యతా నియంత్రణ ఇంకొక పేపరు. మూడింటిలో ఉత్తీర్ణుడైన విద్యార్థి, తాను గీసిన భాగాన్ని వెల్డింగ్ చేసిన తరువాత విరగ్గొట్టి చూసే అవకాశం లేకుండానే పట్టా తీసుకుంటాడు. చదువులో ఒక్క వస్తువునైనా అవసరం రాయడం నుంచి మొదలుపెట్టి, గీసి, చేసి, పరీక్షించి, విరిగిన కారణం రాసి, మళ్లీ గీయడం దాకా తీసుకుపోయినవారికి ఈ ఏకత్వం సిద్ధాంతంగా కాక అనుభవంగా వస్తుంది. ఆసుపత్రికి వెళ్లి వాడేవారిని చూడటం, కర్మాగారంలో కొన్ని వారాలు యంత్రం దగ్గర నిలబడటం డిజైన్ విద్యలో భాగం కావాలి.

9. ముగింపు

చిత్రా కవాటం చరిత్రను దాని ఇంజనీరు జి.ఎస్. భువనేశ్వర్, వలియత్తాన్, వారి సహచరులు 1996లో ఒక అంతర్జాతీయ పత్రికలో వ్యాసంగా ప్రచురించారు. ఆ వ్యాసంలో విజయవంతమైన నమూనాతోపాటు విఫలమైన మూడు నమూనాలు, ఒక్కొక్కటీ ఏ దశలో, ఎందుకు విఫలమైందీ నమోదయ్యాయి. పగిలిన అతుకును, అరిగిన టైటానియాన్ని, ముక్కలైన నీలమణిని ప్రపంచం ముందు ఉంచడానికి ధైర్యం కావాలి. కాని ఆ నమోదు వల్లనే తరువాత వచ్చిన ఏ ఇంజనీరుకైనా ఆ మూడు దారుల్లో మళ్లీ నడవవలసిన అవసరం లేకుండా పోయింది. విజయం ఒక వస్తువును ఇస్తుంది. నమోదైన వైఫల్యం ఆ వస్తువులోని ప్రతి కొలతకూ కారణాన్ని ఇస్తుంది.

నియంత్రిత పరిశ్రమలకు రోగి, ప్రయాణికుడు, పౌరుడు ఇచ్చే నమ్మకం అసాధారణమైనది. తనకు కనిపించని వస్తువును, తనకు తెలియని మనుషులు చేశారని, చేసినవారికి ఏమి చేస్తున్నారో తెలుసునని అతడు నమ్ముతాడు. ఆ నమ్మకానికి తగిన జవాబు, చేసిన ప్రతివారికీ, గీసినవారి నుంచి పాలిష్ చేసినవారి దాకా, తమ పని ఎందుకు అలాగే ఉండాలో నిజంగా తెలిసి ఉండటమే. ప్రతి సంస్థా తన డిజైన్ చరిత్రను అధికారి కోసం కాక తన తరువాతి తరం కోసం రాసుకోవాలి, తన వైఫల్యాలను దాచుకోకుండా వీలైనంతవరకు ప్రచురించాలి, ప్రతి మార్పు ముందూ డిజైనర్‌ను, తయారీదారును, వైద్యుణ్ణి ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టాలి. డాక్టర్ వలియత్తాన్ ఈ మూడూ చేసి చూపారు. వాటిని ఈ దేశపు పరిశ్రమలకు సాధారణమైన పనులుగా మార్చడం తరువాతివారి బాధ్యత.